బోరు నీళ్ల ఊళ్లో సముద్రపు నాచు

కర్నూలు, తాడిపత్రి, ప్రొద్దుటూరు, ఊరేదైనా సరే, బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగు ఒకసారి చూడండి. తెల్లటి పొర గట్టిగా అంటుకుని ఉంటుంది. గీజర్ కడ్డీ మీదా అదే, షవర్ రంధ్రాల్లోనూ అదే. నిమ్మచెక్క రుద్దితే సన్నటి నురగ లేచి కొంచెం కొంచెంగా వదులుతుంది. అది ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సముద్రపు నాచు క్రీములు, జెల్‌లు, మాస్కులు కొనాలనుకునే సీమవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఆ పొరనే అని నా వాదన. సీసా మీద రాసిన నాచు పేరు తర్వాతి సంగతి.

ఆ కాల్షియం వెనక కూడా ఒక సముద్రం ఉంది. కడప జిల్లా వేంపల్లి పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాతి పొరల్లో స్ట్రొమాటొలైట్లు కనిపిస్తాయి. తక్కువ లోతు సముద్రంలో సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన గుర్తులవి. వాటి వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే. మన ఇళ్లలో పరిచే కడప నాపరాయి కూడా సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. వాన నీరు ఈ రాళ్లలోంచి ఇంకుతూ కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని మన బోర్లలోకి వస్తుంది. కొత్త సముద్రం నుంచి వచ్చిన నాచు పదార్థం మన బాత్‌రూములో ఈ పాత సముద్రపు కాల్షియంతో తలపడుతుంది. ఎక్కువసార్లు ఓడిపోతుంది.

ఎందుకో చెప్పాలంటే సోడియం ఆల్జినేట్‌తో మొదలుపెట్టాలి. గోధుమ రంగు నాచుల కణాల గోడల్లో ఉండే పదార్థం ఇది. 1881లో స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వేరు చేశాడు. నాచు రకాన్ని బట్టి ఎండు బరువులో 20 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. పొడవాటి చక్కెర గొలుసు, దాని వెంబడి రుణావేశాలు. నీళ్లలో వేస్తే ఆ గొలుసులు విడివడి, చుట్టూ నీటిని పట్టుకుని చిక్కటి జెల్ అవుతాయి. చర్మం మీద రాస్తే పలచటి పొరగా ఆరి, తేమ గబగబా పోకుండా కాస్త అడ్డుపడుతుంది. ఇప్పుడు ఇందులో కాల్షియం పడిందనుకోండి. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు. ఒక గొలుసును ఒక చేత్తో, పక్క గొలుసును ఇంకో చేత్తో పట్టేసుకుంటుంది. అలా వేల చోట్ల ముడులు పడితే జెల్ సాగడం మానేసి గరుకుగా, ముక్కలు ముక్కలుగా, పెరుగు విరిగినట్టు అవుతుంది. ముడి పడినదాన్ని ఎంత గిలక్కొట్టినా మళ్లీ నునుపు రాదు.

"నాచు జెల్ రాసుకుంటే మొహం మీద నలకలు నలకలుగా రాలింది, కంపెనీ మోసం" అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది విషయంలో సరుకు మంచిదే అయి ఉంటుంది. బోరు నీళ్లతో కడిగిన తడి మొహం మీద రాసి ఉంటారు, లేదా పెరుగు కలిపి ఉంటారు. పాలు, పెరుగు, ముల్తానీ మట్టి అన్నిటిలోనూ కాల్షియం ఉంది. ఆల్జినేట్ జెల్‌లో ఇవి కలిపి ప్యాక్ వేసుకోమని చెప్పే వీడియోలు చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. మంచి పదార్థాన్ని గిన్నెలోనే పాడుచేసే పద్ధతి అది.

నీళ్ల సంగతి ముందు తేల్చుకోవాలి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం గట్టిదనం, అంటే కాల్షియం కార్బొనేట్‌గా లెక్కగట్టిన కాల్షియం, మెగ్నీషియం, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. గట్టిదనం 400 ఉండి, అదంతా కాల్షియం వల్లే అయితే, లీటరులో 160 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్టు. అంత కాల్షియం ఒక శాతం ఆల్జినేట్ జెల్‌ను గరుకు చేయడానికి చాలు. అయితే సీమ నీళ్లన్నీ ఒకటే అనుకోకూడదు. సున్నపురాతి పట్టీలో, అంటే తాడిపత్రి, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు కాల్షియం ఎక్కువ. అనంతపురం గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో కాల్షియం తక్కువగా ఉండటం మామూలే, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే కరగని పదార్థమై దిగిపోతుంది. తాగడానికి పనికిరాని ఆ నీళ్లు జెల్‌ను మాత్రం విరగ్గొట్టకపోవచ్చు. అందుకే ఊరిపేరు చూసి తేల్చకుండా పరీక్ష చేసుకోవాలి.

పరీక్ష సులువు. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో మీ నీళ్లు, సగం సగం. టీఎఫ్ఎం (సబ్బులోని కొవ్వు పదార్థం) శాతం రాసి ఉన్న స్నానపు సబ్బును చాకుతో గీకి, శెనక్కాయ గింజంత పొడి రెండింటిలో వేసి ఇరవైసార్లు ఊపండి. మంచి నీళ్లలో నురగ గుబురుగా నిలుస్తుంది. గట్టి నీళ్లలో నురగ పడిపోయి, నీళ్లు పాలలా మసకబారి, పైన తెట్టు తేలుతుంది. స్నానమయ్యాక చర్మానికి అంటుకుని దురద పెట్టేదీ ఈ తెట్టే. డిటర్జెంటు బారుతో ఈ పరీక్ష చేయొద్దు, అది గట్టి నీళ్లలోనూ నురగనిస్తుంది. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. కాచి చల్లార్చితే సరిపోతుందనేది సగమే నిజం. బైకార్బొనేట్ రూపంలో ఉన్న కాల్షియం కాచితే దిగిపోతుంది గానీ సల్ఫేట్, క్లోరైడ్ రూపాల్లోది అలాగే ఉండిపోతుంది. ఊరూరా దొరికే ఇరవై లీటర్ల క్యాను నీళ్లు ఆర్వో సరిగ్గా నడిచే చోట బాగానే పనిచేస్తాయి, కానీ కొన్నిచోట్ల పచ్చి నీళ్లు కలుపుతారు కాబట్టి ఆ నీళ్లకూ సబ్బు పరీక్ష చేయండి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు నిజమే, కానీ ఆ కాయిలు మీద దుమ్ము, సూక్ష్మజీవులు పేరుకుని ఉంటాయి, మొహానికి పనికిరావు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనకపోవడమే మంచిది. పక్కనే యాసిడ్ సీసాలుంటాయి, పొరపాటు జరిగితే చర్మం కాలుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకు వంద గ్రాముల లెక్క చెబుతాను. డిస్టిల్డ్ వాటర్ 92.8 గ్రాములు, గ్లిజరిన్ 5, సోడియం ఆల్జినేట్ 1, సోడియం సిట్రేట్ 0.2, ఫీనాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసి ఉన్న ప్రిజర్వేటివ్ 1. సెంటీగ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు ఉండాలి, చెంచా కొలతలు పనికిరావు. గిన్నెలు, కలిపే కడ్డీ, సీసా ముందే మరిగించి, పూర్తిగా ఆరనివ్వండి.

సిట్రేట్‌ను ముందు నీళ్లలో కరిగించాలి. మిగిలిపోయిన కొద్దిపాటి కాల్షియాన్ని ఆల్జినేట్ కంటే ముందు అది పట్టుకుంటుంది. సిట్రేట్ ఉంది కదా అని బోరు నీళ్లు వాడొద్దు, దాని శక్తి అంతవరకు చాలదు. తర్వాత ఆల్జినేట్ పొడిని విడిగా గ్లిజరిన్‌లో వేసి, ఉండ లేకుండా మెత్తటి ముద్ద చేయాలి. పొడిని నేరుగా నీళ్లలో చల్లితే సంగటిలో పిండి ఉండ కట్టినట్టే అవుతుంది, పైన తడిసి జిగురై, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. గ్లిజరిన్‌లో ఆల్జినేట్ కరగదు, రేణువులు విడివిడిగా నానుతాయంతే. అందుకే ఈ దారి. ఆ ముద్దను నీళ్లు తిరుగుతుండగా సన్నటి ధారగా పోసి, రెండు మూడు నిమిషాలు కలిపి, మూతపెట్టి నాలుగు గంటలు వదిలేయండి, రాత్రంతా అయితే మరీ మంచిది. బుడగలు వాటంతటవే పైకొచ్చి పోతాయి. త్వరగా కరగాలని పొయ్యి మీద పెట్టొద్దు, ఎక్కువ వేడికి గొలుసులు తెగి జెల్ శాశ్వతంగా పలచబడుతుంది.

మరుసటి రోజు ప్రిజర్వేటివ్ కలిపి, పీహెచ్ పట్టీతో చూడండి. 7 దగ్గర ఉంటుంది. చర్మానికి 5.5 దాకా దించితే మేలు. పది శాతం లాక్టిక్ ఆమ్ల ద్రావణాన్ని చుక్క చుక్కగా, కలుపుతూ వేయాలి. చిక్కటి ఆమ్లం ఒకేచోట పడితే అక్కడ ఆల్జినిక్ ఆమ్లం తెల్లటి దారాల్లా గడ్డకడుతుంది. నిమ్మరసం పిండినా అంతే, పైగా దాన్ని కొలిచే వీలుండదు.

ప్రిజర్వేటివ్ విషయంలో నాకు రాజీ లేదు. "సహజం, రసాయనాలు లేవు" అని చెప్పి నీళ్లున్న నాచు జెల్‌ను ప్రిజర్వేటివ్ లేకుండా అమ్మడం కొనేవాళ్లకు చేసే అన్యాయం. నాచు చక్కెరలు సూక్ష్మజీవులకు తిండి. మే నెలలో కర్నూలు గదిలో నలభై డిగ్రీల వేడికి అలాంటి జెల్ వారం కూడా నిలవదు, చెడిపోయిన సంగతి కంటికి వెంటనే కనపడదు కూడా. ఫీనాక్సీఇథనాల్‌కు చట్టం ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి ఒక శాతం, పైన చెప్పిన లెక్క దానికి లోపలే ఉంటుంది. ప్రిజర్వేటివ్ ఉన్నా సరే, యాభై మిల్లీలీటర్ల పంపు సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెట్టండి, వేలు ముంచే డబ్బాలు వద్దు. రెండు నెలల్లో వాడేయాలి. జెల్ నీళ్లలా పలచబడినా, వాసన మారినా, రంగు తిరిగినా ఆలోచించకుండా పారేయండి. చేసుకున్నది మీ ఇంటికే. అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి.

నీళ్లతో ఇంత తంటా వద్దనుకునేవాళ్లకు ఎర్ర నాచు నుంచి వచ్చే అగర్ ఉంది, కిరాణా కొట్టులో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే. దీనికి కాల్షియంతో పనిలేదు. అర గ్రాము పొడిని వంద గ్రాముల నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు బాగా తెర్లనివ్వాలి. గోరువెచ్చగా ఉంటే కరగదు, మరగాల్సిందే. నలభై డిగ్రీల కిందికి దిగాక గట్టిపడుతుంది. అప్పుడు మిక్సీలో తిప్పితే ముక్కలై మెత్తటి జెల్ అవుతుంది. ఒకసారి గట్టిపడిన అగర్ మళ్లీ కరగడానికి 85 డిగ్రీల పైన వేడి కావాలి, కాబట్టి మన ఎండకు చలించదు. చేప జెలటిన్‌తో చేసిన జెల్ మాత్రం మన వేసవి గదిలో నీరుగారిపోతుంది. ఎర్ర నాచు నుంచే వచ్చే ఇంకో జెల్ పదార్థం క్యారజీనన్ కొనేటప్పుడు రకం అడగాలి. కప్పా రకం పొటాషియంతో, అయోటా రకం కాల్షియంతో గట్టిపడతాయి. లాంబ్డా రకం గట్టిపడదు, చిక్కదనం మాత్రం ఇస్తుంది.

ఇక మన గాలి. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవి మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి లోపే. కోస్తాలో చెమట ఆరని గాలికి సరిపోయిన నాచు జెల్ ఇక్కడ ఒంటరిగా చాలదు. రాసిన పది నిమిషాల్లో నీరు ఎగిరిపోతుంది, మిగిలిన పొర ఆరి ముడుచుకుంటుంది. అప్పుడు మొహం బిగిసినట్టు అనిపిస్తుంది. పార్లర్లలో దీన్నే "చర్మం బిగుతెక్కింది" అని చెబుతారు. బిగిసింది ఎండిన నాచు పొర, కడిగితే పోతుంది. ఆ బిగువు మీకు తెలుస్తోందంటే పైన నూనె పొరతో మూత వేయలేదని అర్థం.

స్నానం చివర ఒక చెంబు ఆర్వో నీళ్లతో మొహం, చేతులు కడుక్కుని, తుడవకుండా తడి మీదే జెల్ రాయండి. మొహానికి రెండు శెనక్కాయ గింజలంత చాలు. ఒక నిమిషం ఆగి, ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే రెండు మూడు చుక్కల నూనె అరచేతిలో రుద్ది అద్దండి. సన్‌స్క్రీన్ ఐదు నిమిషాల తర్వాత. వెంటనే రుద్దితే రెండూ కలిసి మట్టిలా రాలతాయి. అలా రాలుతుంటే ఆల్జినేట్ ఒక శాతం నుంచి అరకు తగ్గించండి. మడమల పగుళ్లకు రాత్రి జెల్ మీద వాజలీన్ రాసి సాక్సు వేసుకోవడాన్ని మించింది లేదు. నీరు బయటికి పోకుండా ఆపడంలో ఖరీదైన నూనెలేవీ దాని దరిదాపులకు రావు.

ఏ నూనె అంటారా? గానుగ శెనగనూనె మన గడ్డదే, కానీ అందులో దాదాపు సగం ఓలిక్ అనే కొవ్వు ఆమ్లం. ఓలిక్ ఎక్కువైతే చర్మపు పైపొర అల్లిక సడలుతుంది. మడమలకు పరవాలేదు, మొహానికి, పసిపిల్లల ఒంటికి నేను చెప్పను. శెనక్కాయ పడనివాళ్లు అసలు ముట్టుకోవద్దు. లినోలిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఎక్కువుండే మామూలు పొద్దుతిరుగుడు నూనె మేలు. స్క్వాలేన్ ఇంకా తేలిక, జిడ్డు తెలియదు, వేడికి కంపు కొట్టదు.

ఈ స్క్వాలేన్ దగ్గర ఆగి మాట్లాడాలి. 1906లో జపాన్ శాస్త్రవేత్త సుజిమోతో సొర చేప కాలేయపు నూనెలో దీని మూలపదార్థం స్క్వాలీన్‌ను గుర్తించాడు. మన చర్మం కార్చే జిడ్డులోనూ అది పన్నెండు శాతం దాకా ఉంటుంది. గాలి తగిలితే చెడిపోయే స్క్వాలీన్‌కు హైడ్రోజన్ చేర్చితే చెడిపోని స్క్వాలేన్ అవుతుంది. లోతు సముద్రపు సొరలు నిదానంగా పెరుగుతాయి, కొద్ది పిల్లల్నే కంటాయి. వాటిని చంపే వేగానికి అవి తిరిగి పుట్టలేవు. అదే అణువు ఆలివ్ నుంచి, చెరకు చక్కెరను పులియబెట్టి కూడా వస్తోంది. చర్మానికి తేడా తెలియదు. కాబట్టి లేబుల్ మీద మొక్కల నుంచి తీసినదని స్పష్టంగా లేకపోతే కొనొద్దు. సముద్రపు సరుకులో నేను పూర్తిగా వ్యతిరేకించేది ఈ సొర నూనెనే.

డబ్బు దండగ అనిపించేవి ఇంకా ఉన్నాయి. మొదటిది చేప కొలాజెన్ క్రీము. చర్మం దాటి లోపలికి వెళ్లాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలనేది చర్మ శాస్త్రంలో వాడే కొండగుర్తు. పూర్తి కొలాజెన్ అణువు మూడు లక్షల డాల్టన్లు. ముక్కలు చేసినదైనా వేలల్లోనే ఉంటుంది. పైన కూర్చుని తేమను పట్టుకుంటుంది, ఆల్జినేట్ చేసే పనే. దానికి అన్ని రెట్లు ధర ఎందుకు పెట్టాలి? రెండోది ముత్యాల పొడి. తొంభై శాతానికి పైగా కాల్షియం కార్బొనేట్, అంటే మన గిన్నె అడుగున ఉన్న పదార్థమే. మూడోది ఉప్పు స్క్రబ్. అంచులు పదునైన ఉప్పు రవ్వతో ఎండిన చర్మాన్ని రుద్దితే కంటికి కనపడని గీతలు పడతాయి, ఉప్పు ఉన్న కాస్త నీటినీ లాగేస్తుంది. మృత సముద్రపు ఉప్పుకు మంచి పేరు రావడానికి కారణం అందులో ఎక్కువగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్. అదీ నీళ్లలో కరిగించి నానితేనే. కల్లుప్పులో ఉండేది సోడియం క్లోరైడ్, దాన్నుంచి ఆ గుణం ఆశించొద్దు. ఇక ఎర్ర నాచుల్లోని మైకోస్పోరిన్లు అనే పదార్థాలు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయన్నది నిజం. కానీ అనంతపురం ఎండకు పరీక్షించిన సన్‌స్క్రీన్ స్థానంలో వాటిని పెట్టొద్దు.

రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ మంచి పదార్థమే. అయితే అది ఆమ్లపు నీటిలోనే కరుగుతుంది, దానిది ధనావేశం. ఆల్జినేట్‌తో కలిపితే రెండూ పట్టుకుని గడ్డకడతాయి. విడిగా వాడాలి. రొయ్యలు పడనివాళ్లు దూరంగా ఉండాలి. ఎవరైనా, ఏదైనా సరే, ముందు మోచేతి మడత లోపల రాసి రెండు రోజులు చూశాకే మొహానికి.

ఆన్‌లైన్‌లో పచ్చి నాచు పొడి కూడా అమ్ముతున్నారు. శుద్ధి చేసిన ఆల్జినేట్ కంటే అదే "అసలు" అనుకుంటారు చాలామంది. కొన్ని నాచులు నీటిలోని అయోడిన్‌ను, ఆర్సెనిక్‌ను కూడబెడతాయి. మొటిమలున్న మొహానికి ఆ పొడి చేటు చేయొచ్చు. మన దేశంలో ఆల్జినేట్ నాచులు, అగర్ నాచులు ఎక్కువగా తమిళనాడులో రామనాథపురం జిల్లా మండపం తీరం నుంచి వస్తాయి. అక్కడే కప్పాఫైకస్ అనే విదేశీ ఎర్ర నాచును సాగు చేస్తున్నారు, అది కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకిన సంగతీ నమోదైంది. సాగు సరుకు కాబట్టి సముద్రానికి హాని లేదనే మాట అందుకే నేను ఒప్పుకోను. నాచు ఏ జాతిదో, ఏ తీరానిదో చెప్పగల అమ్మకందారు దగ్గరే కొనండి. వంద గ్రాముల జెల్‌కు కావాల్సింది ఒక్క గ్రామే కాబట్టి కాస్త ధర ఎక్కువైనా మోయగలం.

చివరగా పార్లర్లలో వేసే రబ్బర్ మాస్క్. ఇందులో కాల్షియం శత్రువు కాదు, కావాలనే వేస్తారు. ఆల్జినేట్, కాల్షియం సల్ఫేట్, డయాటమ్ మట్టి (సూక్ష్మ నాచుల పెంకుల పొడి) కలిసిన పొడిలో కొద్దిగా ఫాస్ఫేట్ లవణం ఉంటుంది. విడుదలయ్యే కాల్షియాన్ని ముందు ఫాస్ఫేట్ మింగి, మొహానికి పూసే నాలుగైదు నిమిషాల వ్యవధి ఇస్తుంది. బోరు నీళ్లు పోస్తే ఆ లెక్క తప్పుతుంది. మేడ మీది ట్యాంకు నీళ్లయితే ఎండకు కాగి ఉంటాయి, వేడికి ఇంకా తొందరగా గట్టిపడి గిన్నెలోనే రబ్బరు అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఇరవై డిగ్రీలకు తెచ్చిన ఆర్వో నీళ్లు వాడాలి. ముప్పై గ్రాముల పొడికి తొంభై మిల్లీలీటర్లు, ప్యాకెట్ మీద వేరే లెక్క ఉంటే అదే పాటించాలి. పొడి లేచి ముక్కులోకి పోకుండా నీళ్లను నెమ్మదిగా పోసి, నిమిషం లోపు గట్టిగా కలపాలి. కనుబొమలకు, జుట్టు మొదళ్లకు ముందే వాజలీన్ రాయాలి. అంచులు మందంగా పూయాలి. పలచటి అంచు ఎండి వెంట్రుకలను పట్టేస్తుంది, ఒక్క ముక్కగా ఊడిరాదు. పావుగంటకు గడ్డం వైపు నుంచి పైకి లాగాలి. మిగిలిన ముద్దను సింకులో పోయొద్దు, పైపులో గట్టిపడి కూర్చుంటుంది. గిన్నెలోనే వదిలేస్తే పది నిమిషాల్లో ఉండలా ఊడి వస్తుంది, చెత్తబుట్టలో వేయొచ్చు.